రెండవ పీటకు ఎవరు?

గ్రామ పంచాయతీ ఎన్నికలో సర్పంచు ఎవరో తేలినంతమాత్రమున ఊరి లెక్క ముగియదు. గెలిచిన వార్డు సభ్యులందరు కూడి తమలో ఒకరిని ఉపసర్పంచుగా ఎన్నుకొనవలసియుండును. ఏర్గట్ల వంటి మండల కేంద్రములో గాని, దాని చుట్టునున్న పసుపు పల్లెలలో గాని, ఆ కొద్ది గంటలలో నడచు మంతనములు సర్పంచు ఎన్నికకు ఏమియు తీసిపోవు. సర్పంచు ఈ వాడకు చెందినచో ఉపసర్పంచు ఆ వాడకు చెందవలెనని కొందరు, ఆ కులమునకు అది దక్కినది గనుక ఈ కులమునకు ఇది దక్కవలెనని కొందరు, ఓడిన పక్షము వారిని కలుపుకొనిననే ఐదేండ్లు ఊరు నెమ్మదిగా నుండునని మరికొందరు వాదింతురు. ఆర్మూరు ప్రాంతములో గ్రామాభివృద్ధి కమిటీల మాటకు బరువెక్కువ. ఆ పెద్దలును తమ మాట ఒకటి వేయుదురు.

అంత చిన్న పదవికి ఇంత పట్టుదల యేల యని పట్టణవాసులకు తోచవచ్చును. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టమును చూచినచో సంగతి తెలియును. పంచాయతీ సొమ్ము తీయు చెక్కుపై సర్పంచుతోపాటు ఉపసర్పంచు కూడ సంతకము చేయవలెనని ఆ చట్టము విధించెను. ఆ చట్టము క్రింద తొలి ఎన్నికలు 2019 జనవరిలో జరిగినవి. ఇద్దరికి పొసగిన ఊళ్ళలో మురుగుకాలువలు, వీధిదీపములు సాగినవి. పొసగని ఊళ్ళలో ఒక్క సంతకము కొరకు బిల్లులు నిలిచిపోయినవి.

అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో 170కి పైబడినవారు పసుపు, ఎఱ్ఱజొన్నల ధరలకై నిలిచిన రైతులు. అన్ని పేర్లలో తనకు కావలసిన ఒక్క పేరు వెదకి మీట నొక్కిన మన ఓటరు, ఉపసర్పంచు ఎన్నికలో మాత్రము గుమ్మము బయట నిలిచి ఫలితము వినవలసినవాడే. గ్రామమున మాత్రమే కాదు, దేశముల యేలుబడిలో కూడ రెండవ స్థానము సంగతి తఱచుగా ఇట్లే యుండును. ఎవరో కొందరు తలుపు మూసికొని తూచుదురు. తక్కినవారికి ఫలితము వినబడును. వారు ఏ తక్కెడతో తూచుదురు, ఆ తక్కెడలో ఏ రాళ్ళు వేయుదురు అను విషయమును శ్రోతలకు వివరింపగోరుచున్నాము.

ఈ తూనికను ఒక శాస్త్రముగా పెంచినవారు అమెరికావారు. అచ్చట అధ్యక్ష పదవికి నిలుచు అభ్యర్థి తనకు తోడుగా ఉపాధ్యక్ష అభ్యర్థిని తానే ఎంచుకొనును. ఆ తోడును వారు రన్నింగ్ మేట్ అందురు. మాట గుఱ్ఱపు పందెముల నుండి వచ్చినది. ఒకే సాలకు చెందిన రెండు గుఱ్ఱములలో గెలువవలసిన గుఱ్ఱమునకు ఊపు నిచ్చుటకై ప్రక్కన పరుగెత్తించు గుఱ్ఱమునకు ఆ పేరు. మాటలోనే చిక్కున్నది. ప్రక్కన పరుగెత్తు గుఱ్ఱము గెలువవలెనని ఎవరును కోరరు. ముందున్న గుఱ్ఱము పడిపోయినచో పందెము ముగియవలసినది ఆ రెండవ గుఱ్ఱముతోనే యని తలచువారును తక్కువ.

మొదట వారి రాజ్యాంగములో ఈ జోడు లేదు. ఎన్నిక చేయు ప్రతినిధులు ఒక్కొక్కరు రెండేసి ఓట్లు వేసెడివారు. అందరికన్న ఎక్కువ వచ్చినవాడు అధ్యక్షుడు, తరువాతివాడు ఉపాధ్యక్షుడు. వినుటకు న్యాయముగానే యున్నది. కాని 1796లో జాన్ ఆడమ్స్ అధ్యక్షుడును, ఆయనకు ప్రతిపక్షమైన థామస్ జెఫర్సన్ ఉపాధ్యక్షుడును అయిరి. ఓడిన సర్పంచు అభ్యర్థినే ఉపసర్పంచుగా కూర్చుండబెట్టినట్లయ్యెను. 1800లో ఇంకను విడ్డూరము జరిగినది. జెఫర్సన్‌కును, ఆయన పక్షము వాడే యైన ఆరన్ బర్‌కును సరిగా 73 చొప్పున ఓట్లు వచ్చినవి. బర్‌ను రెండవవానిగా నుండుమని నిలిపినవారు, అతడు మొదటివానితో సమానుడగుట చూచి నివ్వెరపోయిరి. తీర్పు ప్రతినిధుల సభకు పోయి, అచ్చట 36వ మారు ఓటింగు జరిగిన పిదపగాని జెఫర్సన్ నెగ్గలేదు. 1804లో రాజ్యాంగమును సవరించి రెండు పదవులకును వేర్వేరుగా ఓటు వేయు పద్ధతి పెట్టిరి. జోడు అభ్యర్థిని తూచు విద్యకు మూలము ఆ సవరణయే.

అది మొదలు వారు తక్కెడలో వేయుచు వచ్చిన రాళ్ళలో మొదటిది ప్రాంతము. 1960లో డెమొక్రాటిక్ పక్షమున జాన్ కెనెడీ అభ్యర్థియయ్యెను. ఈశాన్యమున మసాచుసెట్స్ వాడు, వయస్సు 43, రోమన్ కాథలిక్. దక్షిణ రాష్ట్రములలో ఆయనపై గుఱి తక్కువ. ఆయన తోడుగా టెక్సస్‌కు చెందిన లిండన్ జాన్సన్‌ను ఎంచుకొనెను. జాన్సన్ సెనేటులో తమ పక్షమునకు నాయకుడు, అంతకుమున్ను అధ్యక్ష అభ్యర్థిత్వమునకు కెనెడీతో పోటీపడినవాడు. కెనెడీ అనుచరులలో పలువురకు ఈ ఎంపిక మింగుడు పడలేదు. టెక్సస్‌కు ఆనాడు 24 ఎన్నిక ఓట్లు. సుమారు 46 వేల తేడాతో ఆ రాష్ట్రము కెనెడీ పక్షమునకు వచ్చినది. లెక్క ఫలించెనని అందరును మెచ్చిరి.

కాని ఈ లెక్క ఫలించినది గనుకనే దానిని తఱచు చెప్పుదురు. ఫలింపనివాటిని మఱచిపోవుదురు. 1988లో మైకేల్ డుకాకిస్ కూడ మసాచుసెట్స్ వాడే. ఆయన కూడ టెక్సస్ సెనేటరు లాయిడ్ బెంట్సన్‌ను తోడు తెచ్చుకొనెను. టెక్సస్ ఆయనకు రాలేదు. 2004లో జాన్ కెర్రీ ఉత్తర కరోలినా సెనేటరు జాన్ ఎడ్వర్డ్స్‌ను తెచ్చుకొనెను. ఉత్తర కరోలినా రాలేదు. తోడు అభ్యర్థి తన ఊరిని, తన రాష్ట్రమును మూటగట్టి తెచ్చునను నమ్మకము ఎంత పాతదో అంత బలహీనమైనదని మా అభిప్రాయము. ఓటరు చూపు మొదటి పేరుపైననే నిలుచును. రెండవ పేరు ఇంటివారిని సంతోషపెట్టగలదు గాని పొరుగువారిని తీసికొనిరాజాలదు.

ప్రాంతము విషయమున వారి రాజ్యాంగములో ఒక తమాషా నిబంధన కలదు. ఏ రాష్ట్రపు ఎన్నిక ప్రతినిధులైనను తమ రాష్ట్రమునకే చెందిన ఇద్దరికి రెండు ఓట్లును వేయరాదు. 2000లో టెక్సస్ గవర్నరు జార్జి బుష్ తనకు తోడును వెదకిపెట్టుమని డిక్ చెనీకి పని యొప్పగించెను. వెదకి వెదకి చివరకు చెనీయే ఆ తోడయ్యెను. పెండ్లికొడుకును చూడబోయిన పెద్దమనిషియే పీటలపై కూర్చుండినట్లు! అయితే చెనీ అప్పటికి టెక్సస్‌లో నివసించుచుండెను. వెంటనే తన ఓటరు నమోదును పూర్వపు రాష్ట్రమైన వ్యోమింగుకు మార్పించుకొనెను. నవ్వులాటగా తోచు ఈ పని నిజమునకు చాల అవసరమైనది. ఆ ఎన్నికలో వారికి వచ్చినవి 271 ఓట్లు, కావలసినవి 270. టెక్సస్ ఓట్లు 32.

రెండవ రాయి, మొదటివానిలోని లోటు. 2008లో బరాక్ ఒబామాకు సెనేటు అనుభవము స్వల్పము. ఆయన విదేశ వ్యవహారములలో పండిన జో బైడెన్‌ను ఎంచుకొనెను. అదే ఎన్నికలో ఎదుటి పక్షమున జాన్ మెకెయిన్‌కు 72 ఏండ్లు. ఆయన అలాస్కా గవర్నరు సారా పేలిన్‌ను తెచ్చెను. ప్రచారమునకు కొన్నాళ్ళు వేడి పుట్టినది. కాని అభ్యర్థి వయస్సు 72 అయినప్పుడు, తోడు వచ్చినవారు రేపు ఆ కుర్చీలో కూర్చుండగలరా యను ప్రశ్న తక్కిన ప్రశ్నలన్నింటిని మించునని ఓటర్లకు తోచకపోలేదు.

మూడవది రాయి కాదు, జల్లెడ. మనిషి పూర్వోత్తరములను విచారించుట. నిజామాబాదు యార్డులో పసుపు కొనువాడు బస్తా పైభాగము చూచి ధర చెప్పడు. అడుగున చేయి పెట్టి ఒక కొమ్ము తీసి విఱిచి, లోపలి రంగు చూచును, తడి యెంత యున్నదో చూచును. 1972లో జార్జి మెక్‌గవర్న్ పక్షము వారు ఇట్టి విచారణకు తీరిక చేసికొనలేదు. సెనేటరు థామస్ ఈగిల్టన్‌ను తొందరలో ఎంచిరి. ఆయన పూర్వము మనోవ్యాధికి చికిత్స పొందెననియు, అందులో విద్యుత్ చికిత్స కూడ కలదనియు తరువాత బయటపడెను. ఎంపిక జరిగిన 18 దినములకే ఆయన తప్పుకొనవలసివచ్చెను. వ్యాధి వచ్చుట తప్పు కాదు. ఆనాటి లోకము ఆ వ్యాధిపట్ల చూపిన కాఠిన్యమును నేడు మెచ్చజాలము. అయినను ముందుగా అడిగి తెలిసికొనవలసిన సంగతిని పత్రికలవలన తెలిసికొనుట ఎంపిక చేసినవారి తప్పే. నాటి నుండి అమెరికాలో ఉపాధ్యక్ష అభ్యర్థి ఆదాయ పన్ను పత్రములు, వైద్య పత్రములు, పాత ప్రసంగములు, బంధువుల వ్యాపారములు అన్నియు న్యాయవాదులు వారముల తరబడి తిరుగవేసి చూచుట ఆచారమైనది.

ఇవన్నియు గెలుపునకు వేయు తూనికలు. గెలిచిన పిదప ఏమగును? అమెరికాలో ఇప్పటివరకు తొమ్మిదిమంది ఉపాధ్యక్షులు నడుమ కాలములో అధ్యక్షులైరి. అధ్యక్షుడు మరణించుటచేత ఎనిమిదిమంది, రాజీనామా చేయుటచేత ఒకరు. 1841లో విలియం హారిసన్ పదవి చేపట్టిన నెలకే మరణించుటతో జాన్ టైలర్ అధ్యక్షుడగుట మొదటిది. 1974లో రిచర్డ్ నిక్సన్ వైదొలగుటతో జెరాల్డ్ ఫోర్డ్ అధ్యక్షుడగుట చివరిది. ఫోర్డ్ కథ మరియు విచిత్రము. నిక్సన్‌తో గెలిచిన ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ 1973లోనే నిందలపాలై రాజీనామా చేయగా, 1967 నాటి సవరణ ప్రకారము ఫోర్డ్‌ను నియమించిరి. దేశమంతటి ఓటర్లు ఆయనను రెండవ స్థానమునకు గాని, మొదటి స్థానమునకు గాని ఎన్నుకొని యుండలేదు.

ఈ తొమ్మిదింటిలో మనము నిలిచి చూడవలసినది హారీ ట్రూమన్ సంగతి. 1944 జూలైలో షికాగో నగరమున డెమొక్రాటిక్ సభ జరుగునాటికి ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ఆరోగ్యము క్షీణించుచున్నదని దగ్గఱివారికి తెలియును. అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ దక్షిణ రాష్ట్రముల నాయకులకును, నగరములలోని పార్టీ పెద్దలకును కిట్టనివాడు. వారు ఎవరికిని అంతగా కిట్టనివాడు కాని మిస్సోరీ సెనేటరు ట్రూమన్‌ను ముందుకు తెచ్చిరి. మొదటి విడతలో వాలెసే ముందుండెను. రెండవ విడతలో ట్రూమన్ నెగ్గెను. ఎవరిని నొప్పింపని మనిషి యనునదే అతనిపట్ల ప్రధాన తూనిక. 1945 జనవరి 20న ఉపాధ్యక్షుడై, 82 దినములకు, ఏప్రిల్ 12న, రూజ్వెల్ట్ మరణించుటతో ఆయన అధ్యక్షుడయ్యెను. యుద్ధము నడచుచుండెను. పరమాణు బాంబు తయారగుచున్న సంగతి ఆయనకు ఆ సాయంత్రము సూచనగా మాత్రమే తెలిసినది. పూర్తి వివరము ఏప్రిల్ 25నగాని తెలియలేదు. ఆగస్టు 6న హిరోషిమాపై ఆ బాంబు పడినది. షికాగోలో ఆ జూలై రాత్రి ఓట్లు లెక్కించుచున్నవారిలో ఎందరు ఇంత దూరము ఆలోచించిరి? ట్రూమన్ సమర్థుడగుట ఆ దేశపు అదృష్టము. ఎంపిక చేసినవారి దూరదృష్టి యని మాత్రము మేము చెప్పజాలము.

ఈ తూనికలో తెలుగువారి పేరు వినబడిన సందర్భము ఒకటి ఇటీవల వచ్చినది. 2024 జూలై 15న డొనాల్డ్ ట్రంప్ తన తోడుగా ఒహాయో సెనేటరు జె.డి. వాన్స్‌ను ప్రకటించెను. ఆయన భార్య ఉష చిలుకూరి పూర్వులు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు గ్రామమువారు. 2025 జనవరి 20న వాన్స్ ప్రమాణము చేయుటతో ఆ గ్రామము పేరు ప్రపంచ పత్రికలలో పడినది. సంతోషింపదగినదే. అయితే వాన్స్‌ను ఎంచుకొన్నప్పుడు వడ్లూరు తక్కెడలో లేదు. అచ్చట వేసిన రాళ్ళు ఒహాయో వంటి పారిశ్రామిక రాష్ట్రముల శ్రామికుల ఓట్లు, ఆయన వయస్సు, నాయకునిపట్ల విధేయత.

ఇక మన దేశమునకు వత్తము. మన రాజ్యాంగములో జోడు అభ్యర్థిత్వము లేదు. రాష్ట్రపతిని పార్లమెంటు ఉభయసభలకును, శాసనసభలకును ఎన్నికైన సభ్యులు ఎన్నుకొందురు. ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు మాత్రమే, నామినేటెడ్ సభ్యులతో సహా, ఎన్నుకొందురు. ఏర్గట్ల ఓటర్లు ఎన్నుకొన్న బాల్కొండ శాసనసభ్యునికి రాష్ట్రపతి ఎన్నికలో ఓటు కలదు, ఉపరాష్ట్రపతి ఎన్నికలో లేదు. రెండు ఎన్నికలు, రెండు ఓటర్ల పట్టికలు. మరియు రాష్ట్రపతి స్థానము ఖాళీయైనచో మన ఉపరాష్ట్రపతి మిగిలిన కాలమంతయు ఏలడు. తాత్కాలికముగా ఆ విధులు నిర్వహించును. ఆరు నెలలలోపల క్రొత్త రాష్ట్రపతిని ఎన్నుకొనవలెను. ఆయన నిత్యకృత్యము రాజ్యసభకు అధ్యక్షత వహించుట.

చట్టములో జోడు లేకున్నను పార్టీల మనస్సులో జోడు ఎప్పుడును ఉన్నది. 1952లో బీహారునకు చెందిన రాజేంద్రప్రసాద్ రాష్ట్రపతియైనప్పుడు, సర్వేపల్లి రాధాకృష్ణన్ పోటీలేక ఉపరాష్ట్రపతి అయ్యెను. ఒకరు స్వాతంత్ర్యోద్యమ నాయకుడు, ఒకరు తత్త్వవేత్త. ఒకరు ఉత్తరాది, ఒకరు దక్షిణాది. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులైన రాధాకృష్ణన్ సోవియట్ దేశమున రాయబారిగా నుండి వచ్చిరి. ఆయన విషయమున రెండు తూనికలును కలిసినవి. 1961లో రాజేంద్రప్రసాద్ తీవ్రముగా జబ్బుపడినప్పుడు కొన్ని నెలలు ఆయనయే ఆ విధులు నడపిరి. 1962లో మొదటి పీటకు వచ్చిరి. ఇట్టి యెంపికలు తఱచు దొరకవు.

తెలుగునాట రెండవ పీటపట్ల చిన్నచూపు ఎంత దూరము పోయెనో చెప్పుటకు మన చరిత్రలోనే ఒక ఉదాహరణ కలదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు కుదుర్చుకొన్న పెద్దమనుషుల ఒప్పందములో ముఖ్యమంత్రి ఒక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడు కావలెనను షరతు కలదు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రిని నియమింపలేదు. ఆ పదవి ఆరవ వేలు వంటిదని ఆయన అనెను. కొంతకాలము తరువాత కొండా వెంకటరంగారెడ్డికి ఆ పదవి దక్కినను, అప్పటికే మాట పోయినది. ఒప్పందము మొదటి దినముననే తప్పిరను మాట తెలంగాణలో ఒక తరము నుండి మరియొక తరమునకు చేరినది. 1969 ఉద్యమ కాలమున వెల్లడియైన ఫిర్యాదులలో ఈ ఒప్పందపు ఉల్లంఘన ముఖ్యమైనది. రెండవ పీట వట్టి అలంకారము అనుకొన్నవానికి అది అలంకారముగనే కనబడును. దానిని మాటగా తీసికొన్నవానికి అది నమ్మకము. (ఇటీవలి సంగతి యొకటి ప్రక్కగా చెప్పుచున్నాము. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఒకేమారు ఐదుగురు ఉపముఖ్యమంత్రులను నియమించిరి. ఒకనాటి ఆరవ వేలు చేతినిండ వేళ్ళయినది.)

ఆ సంజీవరెడ్డికే 1969లో రెండవ పీట ఎదురు తిరిగినది. 1967లో జాకీర్ హుస్సేన్ రాష్ట్రపతిగాను, వరాహగిరి వేంకటగిరి ఉపరాష్ట్రపతిగాను ఎన్నికైరి. జాకీర్ హుస్సేన్ మన హైదరాబాదులో పుట్టినవారే. గిరి బరంపురమున తెలుగు కుటుంబమున పుట్టి, కార్మికోద్యమములో పెరిగి, కేంద్ర మంత్రిగాను, గవర్నరుగాను పనిచేసినవారు. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ పదవిలో నుండగనే మరణించిరి. అట్లు మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనయే. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయిరి.

కాంగ్రెసు పెద్దలు జూలైలో బెంగుళూరున కూడి, అప్పటి లోకసభ స్పీకరైన సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించిరి. ప్రధాని ఇందిరాగాంధికి ఆ నిర్ణయము రుచింపలేదు. గిరి తాను స్వతంత్రునిగా నిలిచెదనని జూలై 20న రెండు బాధ్యతలను వదలిరి. అప్పుడు దేశమునకు రాష్ట్రపతియు లేడు, ఉపరాష్ట్రపతియు లేడు. ఇట్టి స్థితి రాగలదని ఊహించి ఆ సంవత్సరమే పార్లమెంటు ఒక చట్టము చేసియుండుట మేలైనది. దాని ప్రకారము సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి విధులు నిర్వహించిరి. ఆయనయే పదేండ్లకు, 1979లో, ఉపరాష్ట్రపతి యగుట మరియొక విశేషము.

ఆగస్టు 16న ఓటింగు జరిగినది. కాంగ్రెసు సభ్యులు అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయవచ్చునని ఇందిరాగాంధి ప్రకటించిరి. మొదటి ప్రాధాన్యపు ఓట్లతో ఎవరికిని కావలసినంత రాలేదు. మూడవ అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ ఓట్లలోని రెండవ ప్రాధాన్యములు తీసిన పిదప గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువ ఓట్లుగా తేలినది. ఎదురెదుట నిలిచిన ఇద్దరును తెలుగువారే. ఒకరికి పార్టీ యంత్రము అండ. మరియొకరికి రెండవ పీటపై గడించిన పేరు, దానినుండి లేచిన ధైర్యము, ప్రధాని మద్దతు. ఆ నవంబరులో కాంగ్రెసే రెండుగా చీలినది. 1967లో గిరిని ఉపరాష్ట్రపతిగా ఎంచినవారు, రెండేండ్లలో ఆ ఎంపికయే తమ పార్టీకి చీలికబాట యగునని తలచియుండరు. సంజీవరెడ్డికి మొదటి పీట 1977 జూలైలో, పోటీలేకుండ, దక్కినది. దానికి ముందును ఫక్రుద్దీన్ అలీ అహమద్ మరణము చేత ఫిబ్రవరి నుండి ఉపరాష్ట్రపతి బి.డి. జట్టి ఆ విధులు నిర్వహించుచుండెను.

తరువాతి కాలమున తెలుగువారికి ఈ రెండవ పీట దక్కినది 2017లో. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రామనాథ్ కోవింద్ రాష్ట్రపతి ఎన్నికకు ఓటింగు జరిగిన జూలై 17ననే భారతీయ జనతా పార్టీ ఎం. వెంకయ్యనాయుడి పేరును ప్రకటించెను. ఉత్తరమునకు దక్షిణము తోడన్న మాట అందరును చెప్పిరి. దానికన్న పనికివచ్చిన తూనిక వేరొకటి కలదని మా తలంపు. అధికార పక్షమునకు అప్పుడు రాజ్యసభలో సంఖ్యాబలము చాలదు. ఆ సభను 1998 నుండి ఎఱిగినవాడు అధ్యక్షపీఠమున నుండుట వారికి కావలసియుండెను. నెల్లూరు జిల్లా చవటపాలెమున పుట్టిన ఆయన రాజ్యసభకు ఎన్నికైనది కర్ణాటక, రాజస్థానములనుండి యనునది తెలుగువారు తఱచు మఱచు సంగతి. ఆగస్టు 5న ఆయనకు 516 ఓట్లు, గోపాలకృష్ణ గాంధీకి 244 ఓట్లు వచ్చినవి.

తెలుగు అను రాయి ఎంత బరువో నేరుగా తేలినది 2025లో. 2025 జూలై 21న ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ ఆరోగ్య కారణములు చూపి రాజీనామా చేసిరి. అధికార కూటమి తమిళనాడుకు చెందిన మహారాష్ట్ర గవర్నరు సి.పి. రాధాకృష్ణన్‌ను నిలిపెను. ప్రతిపక్షము సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్ రెడ్డిని నిలిపెను. ఆయన రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారమున పుట్టినవారు. ఎదుటివారి దక్షిణాది రాయికి సమానముగా తాము దక్షిణాది రాయి వేయుటయు, అధికార కూటమిలోని తెలుగు పార్టీలను ఇరకాటమున పెట్టుటయు ఆ ఎంపికలోని ఎత్తు. తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తెలుగు పార్టీలన్నియు ఆయనను బలపరుపవలెనని బహిరంగముగా కోరిరి. పూర్వము 1991లో పి.వి. నరసింహారావు ప్రధానియై నంద్యాల ఉపఎన్నికలో నిలిచినప్పుడు ఎన్.టి. రామారావు తన పార్టీ అభ్యర్థిని పోటీకి పెట్టలేదు. ఆ సంప్రదాయమును చాలమంది గుర్తుచేసిరి.

సెప్టెంబరు 9న ఓటింగు జరిగినది. తెలుగుదేశము తన కూటమి వెంట నిలిచెను. వైయస్ఆర్ కాంగ్రెసు కూడ రాధాకృష్ణన్‌నే బలపరచెను. భారత రాష్ట్ర సమితి ఎవరికిని ఓటు వేయక, తెలంగాణ రైతులకు యూరియా దొరకకపోవుటకు నిరసనగా దూరముండెను. పసుపు, మొక్కజొన్న చేలకు యూరియా కొరకు సొసైటీల ముందు వరుసలలో చెప్పులు పెట్టి నిలిచిన మన ప్రాంతపు రైతులకు, ఢిల్లీలో జరుగు ఎన్నికకు తమ బస్తాకు ముడి యెట్లు పడెనో ఆ దినము తెలిసియుండును. ఫలితము 452కు 300. ఒక ప్రధాని విషయమున చెల్లిన తెలుగు నాణెము, ఉపరాష్ట్రపతి విషయమున చెల్లలేదు. కెర్రీకి ఉత్తర కరోలినా రానట్లే ఇదియు. అభ్యర్థి యోగ్యతపై ఎవరును వేలెత్తలేదు. అయినను లోపల ఓటు వేయువారు తమ కూటమి పద్దు చూచుకొనిరే గాని పుట్టిన ఊరు చూడలేదు.

సెప్టెంబరు 12న రాధాకృష్ణన్ ప్రమాణము చేసిరి. ఇందువలన ఒక క్రొత్త సంగతి ఏర్పడినది. నడుమ ఖాళీలో ఎన్నికైనను మన రాజ్యాంగము ప్రకారము ఉపరాష్ట్రపతికి పూర్తి ఐదేండ్ల కాలము లభించును. అది 2030 సెప్టెంబరు వరకు సాగును. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పదవీకాలము 2027 జూలైలో ముగియును. 2017లోను, 2022లోను ఒకే ఋతువులో రెండు పేర్లను ప్రక్కప్రక్కన పెట్టి తూచిన పార్టీలు, 2027లో మొదటి పేరును మాత్రమే తూచవలసివచ్చును. రెండవ పళ్ళెములోని మనిషి అప్పటికే అందులో కూర్చుండియుండును.